పసిపిల్లలున్న ఇల్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆరేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళ నుంచి వచ్చినవే. విశాఖపట్నంలోని వేర్వేరు ప్రాంతాల నుంచి వచ్చిన ఐదింటిని ఎంచుకొని, రాసినవారి పేర్లు తీసివేసి, ప్రశ్నలను కుదించి ఇక్కడ ప్రచురిస్తున్నాం. మొదటి ఉత్తరంలోని ఇబ్బంది చాలా ఇళ్ళలో ఉన్నదే కనుక దానికి ఎక్కువ చోటు కేటాయించాం.

ప్రశ్న: మావారు స్టీల్‌ప్లాంటులో షిఫ్టుల మీద పనిచేస్తారు. గాజువాకలో రెండు గదుల వాటాలో మా అత్తగారితో కలిసి ఉంటున్నాం. బాబుకు నాలుగేళ్ళు, ఇంకా బడిలో వేయలేదు. పాపకు పది నెలలు. సాయంత్రం నేను వంటలో ఉంటాను, పాప అత్తగారి ఒళ్ళో ఉంటుంది. బాబు ఫోను చూస్తూ తప్ప ముద్ద మింగడు. తీసేస్తే పళ్ళెం తోసేస్తాడు. 'బిడ్డ కడుపు మాడ్చకమ్మా' అంటూ అత్తగారు మళ్ళీ ఫోను ఇచ్చేస్తారు. మావారికి సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) పడిన వారం, పగలు ఆయన నిద్ర చెడకూడదని నేనే ఫోను ఇవ్వవలసి వస్తోంది. ఈ అలవాటు మాన్పించే దారి చెప్పండి. (ఒక పాఠకురాలు, గాజువాక)

జవాబు: మీ ఉత్తరం శ్రద్ధగా చదివితే ఒక సంగతి తెలుస్తోంది. బాబు చేతికి ఫోను వచ్చే వేళలన్నీ ఇంట్లో పెద్దలకు చేతులు చాలని వేళలే. మీరు పొయ్యి దగ్గర, అత్తగారు పాపతో, మీవారు డ్యూటీలోనో నిద్రలోనో ఉన్నప్పుడు నాలుగేళ్ళ పిల్లవాణ్ణి ఒకచోట కూర్చోబెట్టే పనిని ఫోను చేస్తోంది. కాబట్టి మార్చవలసింది బాబునే అనుకొని మొదలుపెడితే ఈ పని సాగదు. ఆ వేళల్లో ఇల్లు నడిచే తీరును కొంత మార్చుకోవాలి, ఆ మార్పు విషయంలో పెద్దలు ముగ్గురూ ఒక్క మాట మీద ఉండాలి. ఒకరు కాదన్నదాన్ని మరొకరు ఇస్తూ ఉంటే, గట్టిగా ఏడిస్తే ఏదైనా దొరుకుతుందన్న పాఠాన్ని ఆ ఇల్లే పిల్లవాడికి నేర్పుతుంది.

ముందుగా మీ అత్తగారి భయం గురించి. అది తేలికగా తీసుకోదగినది కాదు. బిడ్డ తినకపోతే చిక్కిపోతాడన్న దిగులు ఆవిడ తరంలో ఊరకే పుట్టినది కాదు. ఆ దిగులును వాదనతో కాక, బరువుతో తీర్చండి. పుట్టినప్పటి బరువుకు బిడ్డ ఏడాది నిండేసరికి ఇంచుమించు మూడింతలవుతాడు. రెండో ఏట ఆ వేగం బాగా తగ్గుతుంది, ఆపైన ఐదేళ్ళ దాకా ఏడాదికి సుమారు 2 కిలోలే పెరుగుతాడు. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా నెమ్మదిస్తుంది. నాలుగేళ్ళ పిల్లవాడు ఒక పూట రెండు ముద్దలు తిని లేచిపోవడం, మరో పూట పళ్ళెం ఖాళీ చేయడం ఆ వయసుకు సహజం. అంగన్‌వాడీలోనో టీకాలు వేయించే చోటనో బాబును తూయించి, ఎదుగుదల పటంలో గుర్తు పెట్టించి, ఆ గీతను అత్తగారికి మీరే చూపించండి. గీత పైకి సాగుతూ ఉంటే ఆవిడ మనసు కుదుటపడుతుంది. అది అడ్డంగా నిలిచిపోయినా, కిందికి దిగినా, లేక బాబు పాలిపోయి నీరసంగా ఉన్నా, మట్టి, సుద్ద వంటివి తింటున్నా వైద్యులకు చూపించాలి. రక్తహీనత ఉన్న బిడ్డకు ఆకలి సరిగా వేయకపోవచ్చు.

ఇక బాబు రోజంతా ఏమేమి తాగుతున్నాడో, ఏమేమి నములుతున్నాడో ఒకసారి లెక్క చూడండి. ఈ వయసులో పాలు రోజుకు అర లీటరు మించితే అన్నానికి చోటు ఉండదు. సాయంత్రం ఆరుకు బిస్కట్లు, ఏడుకు జంతికలు తిన్న పిల్లవాణ్ణి ఎనిమిదికి అన్నం తినమనడం న్యాయం కాదు. భోజనానికి ముందు గంటన్నర, రెండు గంటలపాటు మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకపోతే, చాలామంది పిల్లల విషయంలో సగం తగవు అక్కడే తీరిపోతుంది.

ఫోను చూస్తూ తినే బిడ్డకు తాను ఏమి తింటున్నాడో, ఎప్పుడు కడుపు నిండిందో తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు తెర ముందు కూర్చునే సమయం రోజుకు ఒక గంట మించకూడదు, అంతకంటే తగ్గితే మరీ మంచిది. ఏడాదిలోపు బిడ్డకు అసలే కూడదు. మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం 2021లో రెండేళ్ళ వరకూ వద్దనే చెప్పింది. ఈ సంగతి మీ పాపకు కూడా వర్తిస్తుంది. అన్న చూస్తున్న ఫోనును పది నెలల పాప కూడా చూస్తూనే ఉంటుంది కదా.

అత్తగారితో మాట్లాడేటప్పుడు బాబు అక్కడ ఉండకూడదు, మీవారిని తీర్పు చెప్పే మనిషిగా మధ్యలో కూర్చోబెట్టకూడదు. 'ఫోను ఇవ్వకండి' అనే ముందు, ఆ గంటలో ఆవిడ మీద ఉన్న భారాన్ని ఎలా తగ్గిస్తారో చెప్పండి. పాపను ఎత్తుకొని కూర్చున్న పెద్దావిడ పరుగెత్తే మనవడికి అన్నం కూడా పెట్టాలంటే ఆవిడకు ఫోను తప్ప దారి లేదు. అందుకని బాబు రాత్రి భోజనాన్ని ఏడు గంటలకు జరపండి. పప్పు, కూర మధ్యాహ్నమే ఎక్కువ వండి పెట్టుకుంటే, సాయంత్రం అన్నం ఒక్కటే పొయ్యి మీద పడుతుంది. మీరు బాబు పక్కన నేల మీద కూర్చొని మీ పళ్ళెంలో మీరు తినండి. వాడి పళ్ళెంలో నాలుగు చిన్న ముద్దలు మాత్రమే పెట్టి వాడి చేతితోనే తిననివ్వండి. ఏమి వండాలో, ఎప్పుడు పెట్టాలో నిర్ణయించడం పెద్దల పని, ఎంత తినాలన్నది మాత్రం బిడ్డకు వదలండి. అరగంట చూసి పళ్ళెం తీసివేయండి, కోపం చూపకండి, 'ఇంకొక్క ముద్ద' అని బతిమాలకండి. కొత్త కూరను పది పదిహేను సార్లు పళ్ళెంలో చూశాకే నోట పెట్టే పిల్లలు ఎందరో ఉంటారు.

మొదలుపెట్టడానికి మీవారికి 'ఏ' షిఫ్టు (ఉదయపు డ్యూటీ) పడిన వారాన్ని ఎంచుకోండి. ఉదయం ఆరుకు వెళ్ళి మధ్యాహ్నం రెండుకు డ్యూటీ దిగే ఆ వారంలో, సాయంత్రం పాపను ఎత్తుకోవడానికి ఇంకో జత చేతులు ఉంటాయి. మొదటి మూడు నాలుగు రోజులు బాబు మునుపటి కంటే ఎక్కువగానే ఏడుస్తాడు. ఆ రోజుల్లో ఇంట్లో ఏ ఒక్కరు లొంగినా మళ్ళీ మొదటికే వస్తుంది కనుక, ఈ మాట అత్తగారికి ముందే చెప్పి ఉంచడం అవసరం. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళి రాత్రి పదికి దిగే బి షిఫ్టు వారం వచ్చేసరికి బాబుకు కొత్త పద్ధతి కొంత అలవాటై ఉంటుంది. తండ్రి షిఫ్టు వారం వారం మారినా బిడ్డ తిండి వేళ, నిద్ర వేళ మాత్రం మారకూడదు. తండ్రి వచ్చేదాకా పిల్లవాణ్ణి మేలుకొలిపి ఉంచడం ప్రేమతో చేసే పనే అయినా, దానివల్ల మర్నాడంతా బాబు చిరాకుగా ఉంటాడు.

సి షిఫ్టు వారం పగటి నిద్ర సంగతికి వస్తే, నాలుగేళ్ళ బాబును అంగన్‌వాడీకి పంపడం గురించి ఆలోచించండి. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు అక్కడ ఆటపాటలతో కూడిన పూర్వప్రాథమిక విద్య, మధ్యాహ్న భోజనం ఉంటాయి. అంగన్‌వాడీ పేదవారి కోసమేనని కొందరు పంపడం మానుకుంటారు, ఆ ఆలోచన సరైనది కాదని మా అభిప్రాయం. తోటి పిల్లల మధ్య కూర్చొని తినే బిడ్డకు ఫోను గుర్తుకు రాదు, ఇంట్లో మీవారికీ నాలుగు గంటల నిశ్శబ్దం దొరుకుతుంది. నాన్న పగలు ఎందుకు పడుకుంటాడో కూడా బాబుకు చెప్పండి. ఇనుము కరిగించే పెద్ద కొలిమి, అంటే బ్లాస్ట్ ఫర్నేసు, రాత్రయిందని ఆగదని, అక్కడి మూడు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు ఉన్నాయని, రాత్రంతా నాన్న వాళ్ళు వాటిని చూసుకొని వచ్చారని చెబితే నాలుగేళ్ళవాడికి అది కథే. కారణం తెలిసిన పిల్లవాడు మెల్లగా నడవడానికి ప్రయత్నిస్తాడు, ప్రతిసారీ కాకపోయినా.

ప్రశ్న: రెండో కాన్పుకు శ్రీకాకుళంలోని పుట్టింటికి వెళ్ళి, బాబుకు మూడో నెల నిండాక కంచరపాలెం తిరిగి వచ్చాను. మూడేళ్ళ పెద్దమ్మాయిని అంతకాలం ఇక్కడ నాన్నమ్మ దగ్గరే ఉంచాం. ఇప్పుడది ఎవరూ చూడనప్పుడు తమ్ముణ్ణి గిల్లుతోంది. మానేసిన అలవాటు మళ్ళీ మొదలై రాత్రిళ్ళు పక్క తడుపుతోంది, పాలసీసా కావాలంటోంది. రెండు దెబ్బలు వేసినా మానలేదు. 'ఇది ఓర్వలేని పిల్ల' అని చుట్టుపక్కలవాళ్ళు అంటుంటే బాధగా ఉంది. (ఒక తల్లి, కంచరపాలెం)

జవాబు: చుట్టుపక్కలవాళ్ళ మాటను దయచేసి మీ ఇంట్లోకి రానివ్వకండి. మూడేళ్ళ పిల్లకు నెలలంటే ఏమిటో తెలియదు. అమ్మ ఎటో వెళ్ళింది, ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు, చివరికి వచ్చినప్పుడు ఆమె ఒళ్ళో ఇంకొకరు ఉన్నారు. ఈ మూడూ కలిపి చూస్తే మీ అమ్మాయి ప్రవర్తనలో వింత ఏదీ కనిపించదు. తమ్ముడికి దొరుకుతున్న ఆదరణ చంటితనం వల్లనే దొరుకుతోందని అది గ్రహించింది, అందుకే పాలసీసాను, తడిసిన పక్కను మళ్ళీ తెచ్చుకుంది. ఐదేళ్ళ లోపు రాత్రిపూట పక్క తడపడాన్ని వైద్యులు జబ్బుగా పరిగణించరు. మూత్రం పోసేటప్పుడు మంటగా ఉందని ఏడ్చినా, జ్వరం ఉన్నా, అతిగా దాహం వేస్తున్నా, బరువు తగ్గుతున్నా మాత్రం ఆలస్యం చేయకుండా చూపించాలి. ఇవేవీ లేకపోతే దుప్పటి మార్చి, ఒక్క మాటా అనకుండా పడుకోబెట్టడమే మందు.

కొట్టడం ఆపేయండి. చిన్నవాళ్ళను పెద్దవాళ్ళు కొట్టవచ్చునన్న సంగతినే ఆ దెబ్బ నేర్పుతుంది, అది సరిగ్గా మీరు మాన్పించాలనుకుంటున్నదే. గిల్లినప్పుడు చేయి పట్టుకొని 'తమ్ముడికి నొప్పి పుడుతుంది, గిల్లనివ్వను' అని స్థిరంగా చెప్పి, అక్కడి నుంచి పక్కకు తీసుకురండి. ఆ క్షణంలో అంతకుమించి ఉపన్యాసం అక్కర్లేదు. నాలుగు నెలల బిడ్డనూ మూడేళ్ళ పిల్లనూ ఒక్క నిమిషమైనా వాళ్ళిద్దరినే గదిలో వదలకండి. ఇది మీ అమ్మాయి చెడ్డదని చెప్పడం కాదు, ప్రేమతో ముఖం మీద తువ్వాలు కప్పినా పసివాడికి ప్రమాదమే.

మీ ఇంటి ఏర్పాటులో ఒక మార్పు చేయమని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఇలాంటి ఇళ్ళలో సాధారణంగా అమ్మ చంటివాణ్ణి చూసుకుంటుంది, పెద్దపిల్లను నాన్నమ్మకు అప్పగిస్తారు. పాలు పట్టే పని అమ్మది కనుక అది సులువుగానే తోస్తుంది. అయితే మీ అమ్మాయికి కావలసింది నాన్నమ్మ కాదు, ఆమె ఎలాగూ ఉంది. దానికి కరువైనది మీరు. కాబట్టి బాబుకు పాలిచ్చి పడుకోబెట్టగానే వాణ్ణి నాన్నమ్మకో మీవారికో అప్పగించి, రోజూ ఒక పావుగంట, ఇరవై నిమిషాలు పెద్దమ్మాయితో మాత్రమే గడపండి. జడ వేయడం, స్నానం చేయించడం, డాబా మీద దాగుడుమూతలు, ఏదైనా సరే, ఆ సమయానికి ఒక వేళ ఉండాలి, బాబు ఏడ్చినా మధ్యలో లేవకూడదు. ఏడుస్తున్న బాబును ఇంకొకరు ఎత్తుకోవడం, అమ్మ తనను వదిలి లేవకపోవడం అది కళ్ళారా చూడాలి.

ఇంకొక మాట మీ బంధువులకు చెప్పవలసి ఉంది. 'ఇక నీకు అమ్మ లేదే, అమ్మ తమ్ముడిదే', 'నిన్ను సంతలో కొనుక్కొచ్చాం' అని పిల్లలను ఏడిపించి నవ్వుకోవడం మన వైపు చాలా ఇళ్ళలో ఉంది. పెద్దలకు అది వేళాకోళం. కొన్ని నెలలపాటు నిజంగానే అమ్మ కనిపించని పిల్ల ఆ మాటను నమ్ముతుంది. చూడటానికి వచ్చినవాళ్ళను మొహమాటపడకుండా ఆపండి, మీరు ఆపలేని పెద్దలైతే మీవారి చేత చెప్పించండి. అదే విధంగా 'పెద్దదానివి కదా' అన్న మాటను కూడా తగ్గించండి. మూడేళ్ళ పిల్ల పెద్దది కాదు. బాబు లంగోటా అందించడం, జోలపాటకు గొంతు కలపడం వంటివి చేయాలనిపిస్తే చేయనివ్వండి, బలవంతం వద్దు. పాలసీసా అడిగితే ఒకటి రెండు రోజులు పగటిపూట ఇచ్చి చూడండి, దాని మోజు దానంతట అదే తీరుతుంది. నిద్రలో మాత్రం సీసా నోట్లో ఉంచకండి, పళ్ళు పుచ్చిపోతాయి.

ప్రశ్న: ఆదివారాలు పిల్లలను రామకృష్ణా బీచికి తీసుకువెళతాం. పెద్దవాడికి ఆరేళ్ళు, చిన్నదానికి మూడు. మోకాటిలోతు నీళ్ళలో మా చేయి పట్టుకొని నిలబడితే ఫర్వాలేదా? (ఒక తండ్రి, అక్కయ్యపాలెం)

జవాబు: వద్దు. మీ మోకాటిలోతు మూడేళ్ళ పాపకు నడుములోతు. మన తీరంలో ఒడ్డు దాటగానే లోతు ఒక్కసారిగా పెరిగే చోట్లు ఉన్నాయి, వెనక్కి మళ్ళే అల కాళ్ళ కింది ఇసుకను లాగేస్తుంది. ఒక పెద్ద అల వచ్చినప్పుడు చేయి పట్టు జారడానికి క్షణం చాలు. పొడి ఇసుకలో గూళ్ళు కట్టుకోనివ్వండి, ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దవారు కాపలా ఉండండి, కాపలా ఉన్నవారు ఫోటోలు తీసే పని పెట్టుకోకండి. సముద్రం పోటు మీద ఉన్న రోజున ఎదురుగానే ఉన్న కురుసుర జలాంతర్గామిని చూపించండి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో ప్రదర్శనశాలగా మారిన ఆ జలాంతర్గామి లోపల నావికులు ఎక్కడ పడుకునేవారో, ఎక్కడ వండుకునేవారో చూస్తే ఆరేళ్ళవాడికి వారం రోజులకు సరిపడా ప్రశ్నలు పుడతాయి.

ప్రశ్న: నాకు 68 ఏళ్ళు, నా భార్యకు 63. మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగస్తులు. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది వరకు ఐదేళ్ళ మనవరాలు, రెండేళ్ళ మనవడు ఎం.వి.పి. కాలనీలోని మా ఇంట్లోనే ఉంటారు. మనవరాలు మధ్యాహ్నానికి బడి నుంచి మా దగ్గరకే వస్తుంది. 'మీరు గారం చేసి పాడుచేస్తున్నారు, ఇంటికొచ్చాక పదకొండైనా నిద్రపోవడం లేదు' అని అమ్మాయి కోప్పడుతోంది. తీసుకువెళ్ళేటప్పుడు పిల్లలు ఏడుస్తారు, దానికీ మమ్మల్నే అంటుంది. నిజానికి మాకు ఓపిక తగ్గిపోయింది, ఆ మాట చెప్పడానికి మొహమాటంగా ఉంది. (ఒక తాతగారు, ఎం.వి.పి. కాలనీ)

జవాబు: అయ్యా, నమస్కారం. మీ దంపతులు చేస్తున్నది రోజుకు పదకొండు గంటల పని. జీతం తీసుకొని చేసేవారైనా ఆ వయసులో అంతసేపు చేయలేరు. మీ అమ్మాయి మీ శ్రమను గుర్తించడం లేదని కాదు, రోజంతా పనిచేసి వచ్చి, నిద్రపోని పిల్లలతో రాత్రి పదకొండు దాకా గడిపే మనిషికి ఓర్పు మిగలదు. కోపానికి అసలు కారణం గారం కాకపోవచ్చు, మధ్యాహ్నపు నిద్ర కావచ్చు. రెండేళ్ళ బిడ్డకు పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి కనుక మధ్యాహ్నం పడుకోవలసిందే, అయితే మూడు గంటలకల్లా లేపండి. ఐదేళ్ళ మనవరాలికి పగటి నిద్ర అక్కర్లేకపోవచ్చు. మీరిద్దరూ నడుం వాల్చే వేళకు దాన్ని కూడా పడుకోబెట్టడం సహజమే, కానీ అది సాయంత్రం నాలుగున్నర దాకా నిద్రపోతే రాత్రి పదికి దానికి నిద్ర రమ్మన్నా రాదు. ఆ గంట బొమ్మలు వేసుకుంటూనో, మీ పక్కన పడుకొని కథ వింటూనో గడపవచ్చు. ఈ ఒక్క మార్పు రెండు వారాలు చేసి చూడండి.

రెండు ఇళ్ళలో అన్ని పద్ధతులూ ఒకేలా ఉండాలని పట్టుబట్టడం అనవసరమని మా నమ్మకం. తాతగారింట్లో అన్నంలో కాస్త ఎక్కువ నెయ్యి వేస్తారని, అమ్మ దగ్గర అంత వేయరని ఐదేళ్ళ పిల్లకు బాగా తెలుసు, అందువల్ల దానికి నష్టమేమీ లేదు. నాలుగు విషయాల్లో మాత్రం రెండు ఇళ్ళదీ ఒకే మాట కావాలి: నిద్ర వేళలు, మందులు, ప్రమాదాల నుంచి జాగ్రత్త, పిల్లలను కొట్టకపోవడం. ఈ నాలుగింటికీ ఒప్పుకొని, మిగతావాటిలో మీ ఇంటి తీరును మీకు వదిలేయమని అమ్మాయిని అడగండి.

మందుల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మీ వయసు వారి ఇళ్ళలో రక్తపోటు మాత్రలు, చక్కెర వ్యాధి మాత్రలు భోజనాల బల్ల మీదో, దిండు పక్కనో, చేతిసంచిలోనో ఉంటాయి. చక్కెర వ్యాధికి వాడే మాత్రల్లో కొన్ని ఒక్కటి మింగినా రెండేళ్ళ బిడ్డ రక్తంలో చక్కెర ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. పైగా ఆ ప్రభావం కొన్ని గంటల తరవాత కూడా కనిపించవచ్చు. అందువల్ల మింగాడన్న అనుమానం కలిగితే, బిడ్డ హుషారుగానే ఉన్నా, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ఆ మాత్రల అట్టతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, లేదా 108కి ఫోను చేయాలి. మాత్రలన్నిటినీ తాళం వేసే బీరువా పై అరలోకి ఈ రోజే మార్చండి. స్నానాల గదిలో బకెట్లను బోర్లించి ఉంచండి. మన ఊళ్ళో కుళాయి వచ్చినప్పుడు నీళ్ళు పట్టి నిల్వ చేయడం చాలా ఇళ్ళలో తప్పదు కనుక, నిండిన డ్రమ్ములున్న గది తలుపుకు పైన గడియ పెట్టించండి. తలకిందులుగా పడిన రెండేళ్ళ బిడ్డకు జానెడు నీళ్ళైనా ప్రమాదమే.

ఓపిక తగ్గిందన్న మాట చెప్పి తీరాలి. అల్లుడి ముందు చెప్పడం మర్యాద కాదన్న సంకోచం మన ఇళ్ళలో ఉంటుంది, అమ్మాయి ఒక్కదానికే చెబితే ఆ భారం ఆమె ఒక్కదాని మీదే పడుతుంది. పిల్లల బాధ్యత వాళ్ళిద్దరిదీ కనుక ఇద్దరికీ, పిల్లలు నిద్రపోయిన ఒక ఆదివారం మధ్యాహ్నం, కలిపి చెప్పండి. 'మాకు చేతకావడం లేదు' అని ఊరుకుంటే వాళ్ళు కంగారుపడి పిల్లలను మీ దగ్గరకు పంపడమే మానేయవచ్చు, అది మీకూ ఇష్టం కాదు. కావలసినదేదో నిర్దిష్టంగా అడగండి: వారంలో రెండు రోజులు ఇద్దరిలో ఒకరు సాయంత్రం ఆరుకే వచ్చి తీసుకువెళ్ళాలని, మధ్యాహ్నం మూడు గంటలపాటు మనవణ్ణి ఎత్తుకొని తిప్పే మనిషిని పెట్టాలని, మీలో ఎవరికి వైద్య పరీక్షలు ఉన్నా ఆ రోజు వాళ్ళలో ఒకరు సెలవు పెట్టాలని.

సాయంత్రం ఏడుపు గురించి బెంగ వద్దు. రాత్రి ఎనిమిదికి అలసిన పిల్లలను ఆట మధ్యలో లేపి బండి ఎక్కిస్తే ఎవరింటి నుంచైనా ఏడుస్తూనే వెళతారు. అమ్మాయి, అల్లుడు రాగానే గుమ్మంలోనే తొందరపెట్టకుండా పది నిమిషాలు కూర్చొని, మీరిచ్చే మజ్జిగో కాఫీయో తాగుతూ, పిల్లలు చూపించే బొమ్మలు చూసి అప్పుడు లేస్తే ఆ ఏడుపు చాలావరకు తగ్గుతుంది. మీకు కూడా వాళ్ళతో మాట్లాడే సమయం అదే.

ప్రశ్న: మా బాబుకు రెండున్నరేళ్ళు. అమ్మ, అత్త, తాత వంటి ఏడెనిమిది మాటలే అంటాడు. వాళ్ళ నాన్నకూ నాలుగో ఏటనే మాటలు వచ్చాయని మా అత్తగారు ధైర్యం చెబుతున్నారు. ఇంట్లో తెలుగు, ఫోనులో ఇంగ్లీషు, రెండూ విని తికమకపడుతున్నాడని, ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమని ఒకరు సలహా ఇచ్చారు. ఏం చేయాలి? (ఒక తల్లి, మధురవాడ)

జవాబు: ఎదురుచూడకండి. రెండేళ్ళు నిండేసరికి పిల్లలు 'పాలు కావాలి', 'నాన్న ఏడీ' అన్నట్లు రెండు మాటలు కలిపి చెప్పగలగాలి. రెండున్నరకు ఏడెనిమిది మాటలే ఉంటే వైద్యులకు చూపించవలసిందే. తండ్రికి ఆలస్యంగా మాటలు వచ్చిన మాట నిజమే అయినా, బాబు విషయంలో కారణం అదేనని పరీక్ష చేయకుండా తేల్చలేం. చూపించి, భయపడవలసినది ఏమీ లేదనిపించుకుంటే మీ అత్తగారి మాటే నెగ్గుతుంది. ఏమైనా ఉంటే ఈ వయసులో మొదలుపెట్టిన శిక్షణ ఫలించినంతగా తరవాత ఫలించదు.

రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. మీకు పుట్టుకతో వచ్చిన తెలుగును మానేసి, అంతంతమాత్రంగా వచ్చే భాషలో బిడ్డతో మాట్లాడితే మీరు మాట్లాడేదే తగ్గిపోతుంది, నష్టం అక్కడ ఉంది. ఆపవలసింది ఫోనులోని ఇంగ్లీషును, అది ఇంగ్లీషు అయినందుకు కాదు, ఫోను బిడ్డకు బదులు పలకదు కనుక. స్నానం చేయించేటప్పుడు, కూరలు తరిగేటప్పుడు, రైతుబజారుకు ఎత్తుకు వెళ్ళినప్పుడు చేస్తున్న పనిని, చూస్తున్న వస్తువును పేరు పెట్టి చెబుతూ, వాడు ఏదో ఒక శబ్దం చేసేదాకా ఆగి, దానికి మీరు బదులివ్వండి.

పిల్లల వైద్యుల దగ్గరకు వెళ్ళినప్పుడు మాటల సంగతితోపాటు ఈ మూడూ చెప్పండి: పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా, కావలసిన వస్తువును వేలితో చూపిస్తాడా, తోటి పిల్లల వైపు మొగ్గు చూపుతాడా. మొట్టమొదట వినికిడి పరీక్ష చేయించమని అడగండి, చప్పట్లకు తిరిగి చూస్తున్నాడు కదా అని దాన్ని వదిలేయకండి, పెద్ద శబ్దాలు వినిపించి మాటలు స్పష్టంగా వినిపించని పిల్లలు ఉంటారు. బాబు పేరు అంగన్‌వాడీలో ఉంటే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏడాదికి రెండుసార్లు వచ్చే వైద్య బృందానికి కూడా చూపించవచ్చు, అయితే వాళ్ళు వచ్చేదాకా ఆగవద్దు. వినికిడి పరీక్ష రోజున బాబుకు జలుబు ఉంటే ఆ మాట ముందే చెప్పండి, చెవి లోపల నీరు చేరితే ఫలితం తేడాగా రావచ్చు.